పిల్లల నోటుబుక్కులో ఆ గడి ఎందుకు లేదు

తల్లిదండ్రులకు, పిల్లల బాగోగులు చూసుకునే పెద్దలందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, ఆటల పోటీల ఫలితాలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీ మటుకు ఒకే ఒక్క సంగతికి కేటాయిస్తున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఈ ఏడాది పట్టుదలగా ఒక పని చేస్తున్నారు. స్కూల్ చుట్టుపక్కల ఉన్న బస్ షెల్టర్, పార్కు, లైబ్రరీ గోడ, ఆటస్థలం కంచె, ఇలా అందరివీ అయిన వస్తువుల్ని ఎవరూ పాడుచేయకుండా చూడటం, పాడైతే బాగయ్యేదాకా వదలకపోవడం. ఈ సంగతి మీలో చాలామందికి పిల్లలు చెప్పే ఉంటారు. కొందరు ఫోన్ చేసి "చదువుకునే పిల్లలకి ఈ పనులెందుకండీ?" అని అడిగారు. ఇంకొందరు "అక్కడ ఎవరితోనైనా గొడవ వస్తే?" అని టెన్షన్ పడ్డారు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు వాళ్లేం చేస్తారో చెప్తాను. రోజూ స్కూల్‌కి వచ్చీపోయే దారిలోనే ఇద్దరు ముగ్గురు కలిసి నడుస్తూ చుట్టూ గమనిస్తారు. క్లాసుకొక నోటుబుక్కు ఉంది. అందులో ఐదు గళ్లు గీసుకున్నారు. ఏం పాడైంది, ఎక్కడ, మొదట ఎప్పుడు చూశాం, ఎవరికి చెప్పాం, ఎప్పుడు బాగైంది. అంతే. ఆ పుస్తకం తిరగేసిన ఒక తండ్రిగారు "ఎవరు చేశారన్న గడి లేదేంటి?" అని అడిగారు. ఆ గడి కావాలనే పెట్టలేదు. దాని మీద పిల్లలు ఒక పీరియడ్ మొత్తం వాదించుకున్నారు. దొంగల్ని పట్టుకోవాలన్న ఉత్సాహం చాలామందికి ఉంది, ఆ వయసుకి అది సహజం. చివరికి ఏడో తరగతి అమ్మాయి ఒకత్తి లేచి, "పేర్లు రాసుకుంటూ తిరిగితే మనల్ని చూసి అందరూ దాక్కుంటారు. రేపు బాగుచేద్దాం రమ్మంటే ఎవరొస్తారు?" అంది. ఆ మాటతో వాదన తేలిపోయింది. నా అభిప్రాయమూ అదే. పేర్లు పట్టుకోవడానికి వేరే పెద్దవాళ్లున్నారు. పిల్లల చేతుల్లో ఉన్న అసలు బలం చివరి గడి, అంటే ఎప్పుడు బాగైంది అన్నది.

ఆ గడికి ఎందుకంత విలువ ఇస్తున్నానంటే, ఒకచోట పాడైనది అలాగే ఉండిపోతే దాని పక్కన ఇంకోటి పాడవుతుంది. ఇది మనందరం చూసిందే. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో పరిశోధకులు దీన్ని కొలిచి మరీ చూశారు. 2008లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. సైకిళ్లు నిలిపే ఒక సందులో, ప్రతి సైకిల్ హ్యాండిల్‌కీ ఒక ప్రకటన కాగితం తగిలించారు. చుట్టుపక్కల చెత్తబుట్ట లేదు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు నూటికి 33 మంది ఆ కాగితాన్ని కింద పారేశారు. అదే గోడ మీద పిచ్చి గీతలు గీసి ఉంచినప్పుడు నూటికి 69 మంది పారేశారు. సందు అదే, కాగితమూ అదే. మారింది గోడ ఒక్కటే. అదే బృందం ఇంకో పరీక్ష కూడా చేసింది. పోస్టు డబ్బా నోట్లోంచి ఒక కవరు బయటికి కనిపిస్తూ ఉంటుంది, లోపల ఐదు యూరోల నోటు ఉందని తెలుస్తూనే ఉంటుంది. డబ్బా శుభ్రంగా ఉన్నప్పుడు నూటికి 13 మంది ఆ కవరు తీసుకుపోతే, డబ్బా మీద పిచ్చి గీతలున్నప్పుడు 27 మంది తీసుకుపోయారు. కాగితం పారేయడం సరే, గోడ పాడైతే దొంగతనం కూడా పెరుగుతుందా అని పిల్లలు నోరెళ్లబెట్టారు.

న్యూయార్క్ సబ్‌వే కథ వాళ్లకి ఇంకా నచ్చింది. ఒకప్పుడు అక్కడ రైళ్లు లోపలా బయటా స్ప్రే పెయింట్ రాతలతో నిండిపోయి ఉండేవి. 1984లో రైల్వే సంస్థ ఒక కచ్చితమైన పద్ధతి మొదలుపెట్టింది. ఒకసారి శుభ్రం చేసిన రైలు మీద మళ్లీ రాతలు పడితే, అవి తుడిచేదాకా ఆ రైలుని జనంలోకి పంపకూడదు. రాసేవాళ్లకి కావాల్సింది తమ రాత ఊరంతా తిరగడం. అదే లేకపోతే రాత్రంతా కష్టపడి లాభమేముంది? ఆరు వేలకు పైగా ఉన్న బోగీల్ని ఒక్కో వరుసగా శుభ్రం చేసుకుంటూ పోయి, 1989 మే 12న ఆఖరి రాతల రైలుని సర్వీసు నుంచి తీసేశారు. ఐదేళ్లు పట్టింది. ఈ ఐదేళ్ల మాట పిల్లలకి నేను నొక్కి చెప్తూ ఉంటాను, ఎందుకంటే రెండు వారాల్లో మార్పు రాలేదని వాళ్లు నీరుగారిపోతుంటారు.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. "పగిలిన కిటికీ" ఆలోచన పేరుతో 1982లో జేమ్స్ విల్సన్, జార్జ్ కెల్లింగ్ రాసిన వ్యాసం చాలామందికి తెలుసు. కిటికీ అద్దం ఒకటి పగిలి అలాగే ఉంటే, ఎవరికీ పట్టదనుకుని మిగతావీ పగలగొడతారన్నది దాని సారం. దాన్ని పట్టుకుని కొన్నిచోట్ల చిన్న చిన్న తప్పులకి కూడా యువకుల్ని ఆపడం, సోదా చేయడం, కేసులు పెట్టడం జరిగింది. దాని మీద పెద్ద విమర్శే వచ్చింది, అది న్యాయమైన విమర్శ అనే నేననుకుంటాను. పగిలిన అద్దం చూడగానే కొత్త అద్దం బిగించడం ఒక దారి, అటుగా వెళ్లే కుర్రాళ్లని నిలదీయడం ఇంకో దారి. మన పిల్లలకి మొదటి దారే నేర్పుతున్నాం.

పని మొదలైంది మన క్లాసు రూముల్లోనే. మీరు చదువుకున్న రోజుల్లో చూసినవే, బల్లల మీద కంపాస్ ముల్లుతో చెక్కిన పేర్లు, బాల్ పెన్ను మొన దిగేంత లోతుగా తొలిచిన గుంతలు. ఎనిమిదో తరగతి పిల్లలు ఒక మధ్యాహ్నం ఆ బల్లల్ని వరండాలోకి మోసుకొచ్చారు. ముందు గరుకు కాగితంతో రుద్దాలి, అదీ చెక్క గీతల వెంబడే. అడ్డంగా రుద్దితే కొత్త గీతలు పడతాయి. తర్వాత గుంతల్లో లప్పం నింపి, ఆరనిచ్చి, సన్న కాగితంతో మళ్లీ రుద్ది, దుమ్ము తుడిచి వార్నిష్ పూయాలి. సగం దూరం వచ్చేసరికి అందరి చేతులూ నొప్పులు. "గీయడానికి రెండు నిమిషాలు, పోగొట్టడానికి ఇంతసేపా!" అని ఒక అబ్బాయి గట్టిగానే అన్నాడు. వాడు రుద్దుతున్నది వాళ్ల అన్న పేరు. ఇంటికెళ్లి అన్నకి చెప్పాడట, మర్నాడు ఆ అన్న కూడా వచ్చి సాయం పట్టాడు. ఆ బల్లల మీద ఇప్పటిదాకా కొత్త గీత పడలేదు. పడితే మళ్లీ రుద్దుతామని పిల్లలే అంటున్నారు.

ఇక బయటి పని. గోడ మీద రాతలు ఎంత త్వరగా తుడిస్తే అంత తేలిక. పెయింటు గట్టిపడ్డాక, అందులోనూ ఇటుక, రాయి లాంటి పీల్చుకునే గోడల్లోకి ఇంకాక, ఎంత రుద్దినా మరక మిగులుతుంది. అలాగని మన పిల్లలు పెయింటు కరిగించే రసాయనాలు ముట్టుకోరు. అవి కళ్లకి, ఊపిరితిత్తులకి ప్రమాదం, ఆ పని తెలిసిన పెద్దవాళ్లదే. పగిలిన గాజు ముట్టుకోరు, నిచ్చెనెక్కరు, చీకటి పడ్డాక బయట ఉండరు, ఎవరినీ ఫోటో తీయరు. ఎవరైనా పాడుచేస్తూ కనబడితే ఆగి మాట్లాడరు, నేరుగా వచ్చి టీచర్‌కి చెప్తారు. రాత తొలగించే ముందు టీచర్ ఫోటో తీసుకుంటారు, ఫిర్యాదుకి అది అవసరం. రోలర్‌తో ప్రైమర్ వేయడం, ఊడిన పలకల్ని గుర్తించి చెప్పడం, చెట్టు చుట్టూ కట్టిన కంచె సరిచేయడం, చెత్త తీయడం, సంబంధిత ఆఫీసుకి ఉత్తరం రాయడం, జవాబు రాకపోతే మళ్లీ రాయడం, ఇవీ వాళ్ల పనులు. ఆఖరిది విసుగు పుట్టించే పనే. కానీ పార్కులో ఊయల గొలుసు బాగైంది మూడో ఉత్తరం తర్వాత. అందరివీ అయిన వస్తువులు ఎవరి బాధ్యతో, ఏ మాట ఎలా రాస్తే పని జరుగుతుందో పిల్లలకి తెలిసింది ఆ ఉత్తరాల వల్లే.

ఈ వయసు పిల్లలే ఎందుకని అడిగినవారికి నా జవాబు ఇది. పన్నెండు, పదమూడేళ్లప్పుడు స్నేహితులు పక్కనుంటే బుర్ర వేరేగా పనిచేస్తుంది. 2005లో అచ్చయిన ఒక ప్రయోగంలో వేర్వేరు వయసులవాళ్ల చేత కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. పదమూడు నుంచి పదహారేళ్లవాళ్లు ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు చూస్తుండగా ఆడినప్పుడు దాదాపు రెట్టింపు రిస్క్ తీసుకున్నారు. ఇరవై నాలుగు దాటినవాళ్లలో ఆ తేడా కనపడలేదు. బస్ షెల్టర్ అద్దం మీదకి రాయి విసిరే కుర్రాడు చాలాసార్లు చెడ్డవాడు కాదు, పక్కన నలుగురు చూస్తున్నారు, అంతే. ఆ నలుగురిలో ఇద్దరు నిన్ననే ఆ అద్దం తుడిచి ఉంటే రాయి లేచే అవకాశం తగ్గుతుందని నా నమ్మకం. స్నేహితుల మాట మన మాటకంటే ఎక్కువ చెల్లే వయసు ఇది. ఆ బలాన్ని మంచికి వాడుకోవాలన్నదే మా ప్రయత్నం.

లైబ్రరీ వెనక గోడ మీద బొమ్మ వేస్తామని ఆరో తరగతివాళ్లు నెల రోజులుగా నా వెంట పడుతున్నారు. ఫిలడెల్ఫియాలో 1984లో గోడల మీద రాసే యువతనే పిలిచి, జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణి ఆధ్వర్యంలో గోడచిత్రాలు వేయించారు. ఆ నగరం ఇవాళ తన గోడచిత్రాలకే పేరుపొందింది. ఆ ఫోటోలు చూసినప్పటి నుంచీ వీళ్లకి నిద్ర లేదు. నాకూ ఇష్టమే. ముందు గోడ యజమానుల రాతపూర్వక అనుమతి రావాలి, ఎండకీ వానకీ పాడవకుండా పైపూత వేయించాలి, ఏడాదికోసారి ఎవరు చూసుకుంటారో తేలాలి. అనుమతి లేకుండా వేస్తే ఎంత అందమైన బొమ్మైనా అదీ గోడ పాడుచేయడమే కదా. ఈ మాట వాళ్లకి అర్థమైంది, ఉత్తరం రాస్తున్నారు.

ఇప్పుడు మీతో నేరుగా ఒక మాట. రేపు మన పిల్లల్లోనే ఒకరు ఏదో పగలగొట్టారని తెలిస్తే ఏం చేయాలి? పరువు పోతుందని చాలామంది తల్లిదండ్రులు డబ్బు కట్టేసి, విషయం అక్కడితో ముగించేస్తారు. ఇంకొందరు ఇంట్లో బాగా తిట్టి, బయట మాత్రం "మావాడు కాదు" అంటారు. ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ దయచేసి అలా చేయకండి.

కెనడాలోని ఒంటారియోలో ఎల్మైరా అనే చిన్న ఊరుంది. 1974లో ఇద్దరు కుర్రాళ్లు తాగిన మత్తులో ఒక్క రాత్రిలోనే 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. కారు టైర్లు కోశారు, కిటికీలు పగలగొట్టారు. జైలుకి పంపాల్సిన కేసే. వాళ్ల వ్యవహారం చూసే అధికారి మార్క్ యాంట్జీ మాత్రం జడ్జిగారికి ఎవరూ ఊహించని సూచన చేశారు. ఈ ఇద్దర్నీ నష్టపోయినవాళ్ల ఇళ్లకే తీసుకెళ్లి మాట్లాడిస్తే ఎలా ఉంటుంది? జడ్జిగారు ఒప్పుకున్నారు. ఇద్దరూ ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టారు, చేసింది మేమేనని చెప్పారు, ఎంత నష్టమైందో విన్నారు, కొన్ని నెలల్లో ఆ డబ్బు చెల్లించారు. నేరం చేసినవాళ్లనీ నష్టపోయినవాళ్లనీ ఎదురెదురుగా కూర్చోబెట్టే పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకి పాకింది, దానికి నాంది ఆ ఊరే అంటారు. ఆ ఇద్దరిలో ఒకరు పెద్దయ్యాక తన కథ తానే నలుగురి ముందుకొచ్చి చెప్పేవారు.

మన స్కూల్లోనూ ఇదే పాటిస్తాం. చేసినవాళ్లు ఒప్పుకుంటే, నష్టపోయినవాళ్లు ఇష్టపడితే, ఇద్దర్నీ ఒక పెద్దమనిషి సమక్షంలో కలుపుతాం. పిల్లవాడు తన నోటితో చెప్పాలి, తన చేతులతో వీలైనంత బాగుచేయాలి. అందరి ముందూ నిలబెట్టి అవమానించడం ఉండదు. మీరు పక్కనే ఉండండి, కానీ వాడి బదులు మాట్లాడకండి. వాడికి కష్టంగా ఉంటుంది, చూస్తున్న మీకు ఇంకా కష్టంగా ఉంటుంది. అయినా ఆ పది నిమిషాలు వాడి చేతుల్లోంచి లాక్కోవద్దని నా మనవి. పని అయ్యాక మిగతా పిల్లలతో పాటు వాడి చేతికీ రోలర్ ఇస్తాం.

ఇక పనుల సంగతి. వచ్చే శనివారం ఉదయం పార్కు కంచెకి రంగు వేస్తున్నాం. అంగీకార పత్రం ఈ లేఖతోనే ఉంది, సంతకం చేసి శుక్రవారం లోపు క్లాస్ టీచర్‌కి పంపండి. పాత బట్టలు, మూసి ఉండే బూట్లు వేసి పంపండి. గ్లవుజులు మేమిస్తాం. ఆస్తమా ఉన్నవాళ్లు, రంగు వాసన పడనివాళ్లు ఉంటే పత్రంలో రాయండి, వాళ్లకి మొక్కల దగ్గర పని ఇస్తాం. పెయింటింగ్, కార్పెంటరీ పని తెలిసిన తల్లిదండ్రులు రెండు గంటలు వచ్చి నిలబడగలిగితే పిల్లలకి ఎంతో ఉపయోగం. మీరు రోజూ వెళ్లే దారిలో విరిగిందో, ఊడిందో, గీసిందో కనబడితే, ఎక్కడో ఎప్పుడు చూశారో ఒక చీటీ మీద రాసి మీ పిల్లల చేతికివ్వండి. ఆ రోజే నోటుబుక్కులోకి ఎక్కుతుంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు