భోజన వేళ ప్రసంగాల్లో ప్రశ్నలకు చోటివ్వండి

సంపాదకులకు,

విశ్వవిద్యాలయాల్లో డిజిటల్ సాంకేతికత, సమాజం అంశంపై భోజన విరామంలో జరిగే ప్రసంగాలు చాలావరకు సమయపాలన లేకే నీరుగారిపోతున్నాయి. గంట విరామంలో రాకపోకలు పోగా మిగిలేది 45 నిమిషాలే. వక్తకు 20 నిమిషాలు, 10 స్లైడ్‌లు చాలు. మిగతాదంతా ప్రశ్నలకే వదలాలి. వక్తే 40 నిమిషాలు తీసుకుంటే ప్రశ్నలు మొదలయ్యేసరికి విద్యార్థులు తర్వాతి క్లాసుకు లేచిపోతారు.

‘కృత్రిమ మేధ, భవిష్యత్తు’ వంటి విశాలమైన శీర్షికలు వద్దు. ఒక్క ఉదాహరణ పట్టుకోవాలి. ఫొటో చూసి ఆడో మగో చెప్పే ప్రోగ్రాములను 2018లో పరిశోధకులు పరీక్షిస్తే, ముదురు చర్మఛాయ గల మహిళల విషయంలో తప్పులు 34.7 శాతం దాకా తేలాయి. లేతఛాయ పురుషుల్లో 0.8 శాతం మించలేదు. ఈ ఒక్క పట్టిక తెరపై ఉంచి, ఆ ప్రోగ్రాములకు నేర్పడానికి వాడే ఫొటోల్లో ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని అడిగితే చాలు, కంప్యూటర్ సైన్స్ వాళ్లూ న్యాయశాస్త్రం వాళ్లూ ఒకే బల్ల దగ్గర వాదనకు దిగుతారు. అసలు కావాల్సింది అదే!

రికార్డింగులోనూ ఓ లోపముంది. మైకు వక్త దగ్గరే ఉండటంతో జవాబులే వినిపిస్తాయి, ప్రశ్నలు వినపడవు. నిర్వాహకులు ప్రతి ప్రశ్ననూ మైకులో తిరిగి చెప్పాలి. అడిగినవారి ముఖం, పేరు రికార్డుకెక్కించే ముందు వారి అనుమతి తీసుకోవాలి.

– కొందరు అధ్యాపకులు