మా పాప గుండె ఆపరేషన్‌కి సాయపడిన అందరికీ పేరుపేరునా థాంక్స్

అందరికీ నమస్కారం అండి, పాప ఇంటికొచ్చేసింది, బాగుంది, పాలు ఆగకుండా తాగుతోంది. గుండెలో కింది గదుల మధ్య రంధ్రం, వీఎస్‌డీ అంటారు, మూసేశారు.

మొదటి థాంక్స్ మా ఊరి ఆశా అక్కకి. పాప పాలు తాగుతూ రెండు గుక్కలకోసారి ఆగి ఆయాసపడుతుంది, నుదురంతా చెమట, ఇది ఎండ వల్ల కాదు రా గుండె చూపించండి అని పట్టుబట్టి పంపింది తనే. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు, మా నోటికి ఇంకా పాత పేరే) అప్రూవల్ వచ్చేదాకా కాగితాలు పట్టుకుని తిరిగిన ఆరోగ్యమిత్ర తమ్ముడికి కూడా.

కానీ ఎక్కువ రుణపడింది మాత్రం జెనెటిక్స్ (వంశపారంపర్య జబ్బులు చూసే) డాక్టరు మేడమ్‌కి. ఎందుకంటే పాపకి ఇలా అని తెలిసిన దగ్గర్నుంచీ చుట్టాలంతా మా ఆవిడ మీదే పడ్డారు, రెండో నెలదాకా ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు వేసుకోలేదంట, తల్లి జీన్స్‌లోనే లోపమంట, ఎవరో ఫోన్ చేసి ఎంటీహెచ్‌ఎఫ్ఆర్ టెస్టు (ఒంట్లో ఫోలిక్ యాసిడ్‌ని వాడుకోవడానికి పనికొచ్చే జీన్‌లో తేడా ఉందేమో చూసేది) చేయించమని కూడా చెప్పారు. మాది మేనరికం, మా మేనమామ కూతుర్నే చేసుకున్నా. మేడమ్ మా రెండు కుటుంబాలనీ గళ్ళు సున్నాలుగా కాగితం మీద వేసి, మా ఇద్దరి మధ్య మాత్రం రెండు గీతలు గీశారు, దగ్గరి సంబంధానికి అదే గుర్తంట. చూడండమ్మా ఈ గీతలు ఇద్దరివీ, తల్లి ఒక్కదానివే కాదు అన్నారు. ఆ మాటకి మా ఆవిడ అక్కడే ఏడ్చేసింది.

ఆ జీన్ తేడా చాలామందిలో ఉంటుందంట, ఉన్నా ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుంది, టెస్టుకి డబ్బులు తగలేయకండి అన్నారు. ఫోలిక్ యాసిడ్ వెన్నుపాము లోపాల్ని తగ్గిస్తుందని 1991లోనే గట్టిగా తేలింది, గుండె విషయంలో మేలు ఉండొచ్చు గానీ అంత గట్టిగా తేలలేదు, బిళ్ళలు పద్ధతిగా వేసుకున్న తల్లులకీ ఇలాంటి పిల్లలు పుడతారు, నూటికి దాదాపు ఒకరికి గుండె లోపం ఉంటుంది అని నిదానంగా చెప్పారు. గుండె తయారయ్యేది మొదటి రెండు నెలల్లోనే, చాలామందికి కడుపని తెలిసేసరికే సగం పనైపోతుంది, అందుకే మళ్ళీ పిల్లలనుకుంటే ముందునుంచే వేసుకోమన్నారు, ఐదో నెలలో కడుపులో బిడ్డకి ఎకో (గుండె స్కాన్) కూడా తీయించమన్నారు.

అన్నట్టు 1945లో అమెరికాలో లెడర్లే ల్యాబ్‌లో ఫోలిక్ యాసిడ్ తయారు చేసిన టీమ్‌ని నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టింది మా భీమవరంలోనే, మా చుట్టాల్లో ఒక్కరికీ తెలీదు.

చివరగా రక్తం ఇచ్చిన కుర్రాళ్ళకి. అందులో నీలం చొక్కా అబ్బాయి, జ్యూస్ కూడా తాగకుండా డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయాడు, నంబరు తీసుకోలేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, వచ్చే నెల పాపకి అన్నప్రాసన, తను రావాలి.