జడ్చర్ల పాత ఇనుప దుకాణపు చాచాకు, ఇంకా కొందరికి కృతజ్ఞతలు

వేయించి పొట్టు తీసిన పల్లీలను టిఫిన్ సెంటర్లకు సరఫరా చేసే మా చిన్న యూనిట్ ఈ వారం జడ్చర్లలో మొదలైంది. మొదటి బస్తాలు ఈ ఉదయమే మహబూబ్‌నగర్‌కు, షాద్‌నగర్‌కు వెళ్లాయి. కొన్ని రాత్రులుగా సరైన నిద్ర లేదు కనుక ఈ రాతలో ఎక్కడైనా తడబాటు కనిపిస్తే మన్నించగలరు. రేపటికి వాయిదా వేస్తే పని హడావిడిలో రాయకుండానే ఉండిపోతానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

సంగతి తెలియని వారికి క్లుప్తంగా చెబుతాను. బాదేపల్లి యార్డులో యాసంగి పల్లికాయ కొని, ఒలిపించి, బెల్లం పాకంతో పట్టీలు చేసి హాస్టళ్లకు పంపేవాళ్లం. సరుకు వెళ్లింది, పిల్లలు తిన్నారు, బిల్లులు మాత్రం పాస్ కాలేదు. బ్యాంకు కిస్తీలు ఆగిపోయాయి, మిషన్లు వేలానికి వెళ్లాయి, షెడ్డు అద్దెకు ఇచ్చినవారు తాళం తీసుకున్నారు.

ఈ కృతజ్ఞత ముఖ్యంగా ఎవరికి చెందాలో ఆయన ఇది చదవరు. జడ్చర్లలో పాత ఇనుము కొనే ఒక పెద్దమనిషి ఆయన. అందరూ చాచా అంటారు, నేనూ అలాగే పిలుస్తున్నాను. పల్లీలు వేయించే కొత్త రోస్టరు డ్రమ్ము కొనే స్తోమత లేక, ఎక్కడైనా పాతది చవకగా దొరుకుతుందేమోనని అడగడానికి ఆయన దుకాణానికి వెళ్లాను. వెనుక రేకుల కింద, ఇటుకలు పేర్చి నేలకు ఎత్తుగా నిలబెట్టిన ఒక డ్రమ్ము కనిపించింది. దాని అంచున ఉన్న వెల్డింగు అతుకు నేనే దగ్గరుండి వేయించినది కావడం వల్ల, అది ఎవరిదో నాకు ఎవరూ చెప్పవలసిన అవసరం కలగలేదు. వేలంలో మా సామాను కొన్నవారి నుంచి దాన్ని ఆయన తుక్కు కింద తూకానికి కొన్నారట. తుక్కు కింద కొన్నదానికి ఎవరైనా బేరింగుల్లో గ్రీజు నింపుతారా? మోటారుకు గోనెసంచి చుట్టి సుతిలితో కట్టారు, విప్పిన నట్లూ బోల్టులూ పోకుండా హార్లిక్స్ సీసాలో వేసి మూత బిగించి పక్కనే పెట్టారు. పట్టేయకుండా అప్పుడప్పుడు డ్రమ్మును చేత్తో తిప్పుతూ వచ్చారని అక్కడ పనిచేసే కుర్రవాడు చెప్పాడు.

“ఇది తుక్కు గాదు బేటా, నడిచే మిషిను. నడిచేదాన్ని కోయనీకి నాకు చెయ్యి రాలే. ఎవరో ఒకరు అడుగుకుంట వస్తరని పెట్టిన” అన్నారు చాచా. అది నాదేనని చెప్పగానే ఆయన ఇంకేమీ అడగలేదు. లోపలి నుంచి పాత కాంటా చీటీ తెచ్చి, తాను కొన్న మొత్తాన్ని వేలితో చూపించి, అంతే ఇమ్మన్నారు, అది కూడా వారం వారం ఇవ్వమన్నారు. కాగితం రాయించుకోలేదు, జామీను అడగలేదు. మిషన్లు పట్టుకుపోయిన రోజున, అప్పులవాళ్లు గడపలో కూర్చున్న రోజున రాని ఏడుపు ఆ కాంటా పక్కన వచ్చింది. చాచా ముఖం పక్కకు తిప్పుకుని, కుర్రవాడిని చాయ్‌కి పంపారు.

ధన్యవాదాలు చెప్పే చోట ఫిర్యాదు ఎందుకని కొందరికి అనిపించవచ్చు, కానీ చెప్పకుండా ఉండలేను. చిన్న పరిశ్రమల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం సరుకు తీసుకున్నవారు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదుకు 2017లో సమాధాన్ అనే ఆన్‌లైన్ పోర్టల్ కూడా వచ్చింది. తర్వాతి ఆర్డరు ఏ చేతి నుంచి రావాలో ఆ చేతి మీదే ఫిర్యాదు పెట్టే ధైర్యం ఏ చిన్న కార్ఖానాదారుకు ఉంటుంది? అదే బ్యాంకు విషయానికి వస్తే, 2002 నాటి చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు, ఆ గడువు మాత్రం ఒక్క రోజు కూడా జారదు. మళ్లీ నిలబడదామని 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం వైపు చూస్తే, ఒకసారి సబ్సిడీ పొందినవారు కొత్త యూనిట్‌కు అర్హులు కారన్నారు. రెండో రుణం ఉంది కానీ, అది మొదటి యూనిట్‌ను బాగా నడిపించినవారికి. అంటే తొలి అడుగు వేసేవారికి ఒక తలుపు, పరుగెత్తేవారికి ఇంకో తలుపు ఉన్నాయి, పడి లేచేవారు ఏ తలుపు తట్టాలో ఆ మార్గదర్శకాల్లో ఎక్కడా లేదు. ఈసారి హాస్టళ్ల సరఫరా జోలికి వెళ్లకుండా, ఉదయం సరుకు దించి సాయంత్రం నగదు తీసుకునే టిఫిన్ సెంటర్లనే ఎంచుకోవడానికి కారణం ఇదే.

అమ్మకు, నా భార్యకు, బావగారికి వేరే చెప్పనవసరం లేదు. బంగారం ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు.

పైన రాయడం మరిచాను: పాత కార్ఖానాలో వేపుడు పని చూసిన అక్క, తనకు రావలసిన పాత కూలి ఇంకా బాకీ ఉండగానే తిరిగి వచ్చారు. డ్రమ్ము నుంచి దించిన పల్లీని వెంటనే చల్లార్చకపోతే లోపలి వేడికే మాడి చట్నీ చేదెక్కుతుందని తెలిసిన మనిషి ఆమె ఒక్కరే, ఆమె లేకుంటే మొదటి వాయే పారబోసేవాళ్లం. యార్డులో తడి కాయను చేత్తో గలగలలాడించి చూసి వద్దన్న హమాలీ అన్నలకు, త్రీఫేజ్ కనెక్షన్ కోసం ఎండలో స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు కూడా కృతజ్ఞతలు. మహబూబ్‌నగర్ కొత్త బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ నడిపే వదిన, నమూనా పల్లీలతో చట్నీ రుబ్బి చూసి, అక్కడికక్కడే మొదటి బస్తాకు అడ్వాన్సు ఇచ్చారు. వదినా, రేపటి నుంచి బండి ఆరు గంటలలోపే వస్తుంది.