సంతకాలు లెక్కపెడితే నీళ్ళ ప్లాన్ అయిపోతుందా?

సంపాదకుల గారికి నమస్కారం.

మొన్న మా మండలంలో నీటి ప్రణాళిక మీద రైతుల అభిప్రాయం తీసుకుంటామంటే కలుపు పని వదిలేసి మరీ వెళ్ళాను. గంటసేపు తెర మీద మ్యాపులు చూపించారు, టీ ఇచ్చారు, రిజిస్టరు తిప్పారు. సంతకం పెట్టాక తెలిసింది, చెక్‌డ్యాములు ఎక్కడెక్కడ కట్టాలో అప్పటికే తేల్చేశారని. మా వంకలో పెట్టిన చోట నీళ్ళు నిలవవు సార్ అంటే, రాసివ్వండి, పైకి పంపుతాం అన్నారు. రిపోర్టులో మాత్రం అందరం 'పాల్గొన్నవాళ్ళమే'.

సాగునీటి నిర్వహణ రైతులకే అప్పగించే 1997 చట్టంతో ఉమ్మడి రాష్ట్రంలో పదివేలకు పైగా నీటి సంఘాలు వచ్చాయి, కాలవల మీద పెత్తనం ఇక రైతులదే అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు పెట్టారు, మంచిదే. కానీ రికార్డులో పేరు లేని కౌలుదారుకి అందులో ఓటు లేదు, ఆయకట్టు బయట బోరు మీద బతికేవాడి ఊసే లేదు. మా అనంతపురంలో ఎక్కువమంది అలాంటివాళ్ళే.

దీనికంటే చిన్నగా మొదలై బాగా నడిచిన పని ఒకటుంది. 2003 తర్వాత కొన్నేళ్ళు అనంతపురం, ప్రకాశం, నల్గొండ లాంటి 7 కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఏపీఫామ్‌జీఎస్ అని, భూగర్భజలాలను రైతులే చూసుకునే పథకం ఒకటి నడిచింది. సబ్సిడీ ఏమీ లేదు. రైతులే వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం చూసి ఊళ్ళో బోర్డు మీద రాశారు, రబీకి ముందు అందరూ కూర్చుని భూమిలో నీళ్ళెన్ని, వేయాలనుకున్న పంటలకు ఎన్ని కావాలి అని లెక్క వేసుకున్నారు. వరి వేయొద్దని ఎవరూ ఆర్డరు వేయలేదు, కానీ లెక్క కళ్ళ ముందు కనిపిస్తుంటే చాలామంది తామే తగ్గించుకున్నారు. లెక్క తమది కాబట్టి నమ్మారు, అంతే.

అందుకే అధికారులకు నా మాట ఒకటే. ఎన్ని మీటింగులు పెట్టారు, ఎంతమంది వచ్చారు అన్నది పక్కన పెట్టండి. రైతులు ఏమడిగారు, దానివల్ల ప్లాన్‌లో ఏం మారింది, మారకపోతే ఎందుకు మారలేదు అన్నది తెలుగులో రాసి పంచాయతీ గోడకి అంటించండి. రెండు వేసవులు గడిచాక అవే బోర్లలో మట్టం కొలిచి పక్కనే రాయండి.

మా వంకలో చెక్‌డ్యాముకి ఇంకా ముగ్గు పోయలేదు. ఒక్కసారి వచ్చి చూస్తే ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో చూపిస్తాం.

– ఒక బోరు రైతు, అనంతపురం జిల్లా