మిద్దె తోటల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది పనంతా వేర్ల మీదే

సభ్యులందరికీ నమస్కారం.

నారు పంపకం, విత్తనాల మార్పిడి, నెలవారీ సమావేశాలు ఎప్పటిలాగే జరిగాయి, జమాఖర్చులు విడిగా పంపాం, కాబట్టి నేరుగా అసలు సంగతికి వస్తాను. స్లాబ్ మీద బరువు తగ్గుతుందని చాలామంది మట్టి మానేసి, కొబ్బరి పీచు పొట్టుతో చేసే కోకోపీట్‌కి మారారు. ఆ తర్వాత "నీళ్లు పోస్తూనే ఉన్నాం, అయినా మొక్క వాడిపోతోంది" అనే మెసేజ్‌లు మన వాట్సాప్ గ్రూపులో ఎక్కువయ్యాయి. అందుకే ఒకే రకం టమాటా, మిరప నారుని వేర్వేరు మిశ్రమాల్లో నాటి, కాపు అయిపోయాక కుండీలు బోర్లించి వేర్లు చూశాం.

ఉత్త కోకోపీట్ కుండీల్లో పైన పొడిగా కనిపించినా అడుగంతా చిత్తడే. అక్కడి వేర్లు గోధుమరంగుకి తిరిగి, పట్టుకుంటే పైపొర ఊడి వచ్చింది. కోకోపీట్ తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్లు పీల్చుకుంటుంది, వేరుకేమో నీళ్లతో పాటు గాలీ కావాలి, గాలి అందని వేరు నీళ్లలో ఉన్నా నీళ్లు తాగలేదు, మొక్క వాడిపోయేది అందుకే. మూడో వంతు పెర్లైట్ కలిపిన కుండీల్లో తెల్లటి పీచు వేర్లు అడుగుదాకా అల్లుకున్నాయి, నాకైతే ఈ ఏడాది అంతకంటే సంతోషం కలిగించింది ఇంకోటి లేదు. పెర్లైట్ అంటే అగ్నిపర్వతపు గాజురాయి, బాగా కాలిస్తే మరమరాల్లా పొంగుతుంది. దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, తడిపాకే కలపండి.

పెర్లైట్ ఖరీదు అనుకుంటే వడ్ల ఊక వాడండి. అందులో సిలికా ఎక్కువ కాబట్టి త్వరగా కుళ్లదు, గాలి బాగా ఆడుతుంది. ఊక బూడిద మాత్రం క్షారగుణం పెంచుతుంది, గుప్పెళ్లకొద్దీ వేయొద్దు. వర్మిక్యులైట్ అంటే వేడికి పొరలు పొరలుగా ఉబ్బిన, అభ్రకం లాంటి ఖనిజం. అది నీళ్లనీ పోషకాలనీ పట్టి ఉంచుతుంది, నారు ట్రేలకి బాగుంది, పెద్ద కుండీలో అణిగిపోయింది. క్లే బాల్స్ (కాల్చిన బంకమట్టి ఉండలు) ఇంట్లో పెంచే మనీప్లాంట్‌కి సరే, మే ఎండలో కూరగాయలకి పనికిరావు.

కుండీ అడుగున గులకరాళ్లు వేస్తే నీళ్లు దిగిపోతాయని ఇంకా చాలామంది వేస్తున్నారు, దయచేసి మానేయండి. రాళ్ల పైన మిశ్రమంలో నీళ్లు అలాగే నిలుస్తాయి, వేర్లకి దొరికే లోతు తగ్గడం తప్ప లాభం లేదు. లోతైన కుండీ తీసుకోండి.

ఇంకోటి, ఉప్పు. కడగని కోకోపీట్‌లో సోడియం, పొటాషియం లవణాలుంటాయి, ఆకు అంచులు మాడటానికి అదీ ఒక కారణం. నీళ్లతో కడిగితే కొంత పోతుంది, పీచుకి పట్టేసిన సోడియం వదలాలంటే కాల్షియం నైట్రేట్ అనే ఎరువు కలిపిన నీళ్లలో నానబెట్టి మళ్లీ కడగాలి. పైగా ఈ మిశ్రమాల్లో మొక్కకి తిండి దాదాపు ఉండదు, వర్మీకంపోస్టో ద్రవ ఎరువో క్రమం తప్పకుండా ఇవ్వాల్సిందే.

వచ్చే ఏడాది కడిగిన కోకోపీట్, పెర్లైట్ అందరం కలిసి టోకున కొందాం. మృగశిర కార్తెలోపు ఎవరికెంత కావాలో కోశాధికారికి చెప్పండి. నీళ్లలో లవణాలు ఎంతున్నాయో చూపే ఈసీ మీటర్ సంఘం కొన్నది కూడా ఆయన దగ్గరే ఉంది, కోకోపీట్ కడిగిన నీళ్లలో ఉప్పు చూసుకుని తిరిగి ఇచ్చేయండి.