‘చరిత్రలో ఈ రోజు’: తేదీ వేసే ముందు చూడాల్సినవి

సంపాదకులకు నమస్కారం.

మీ చెన్నై ఎడిషన్‌లో రోజూ వచ్చే ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికను పోటీ పరీక్షలకు చదివేవాళ్లు కత్తిరించి దాచుకుంటారు. తెలుగు మీడియం బడుల్లో ప్రార్థన వేళ పైకి చదివిస్తారు. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది. శీర్షికలో తప్పులు ఉంటున్నాయి, అయితే అవి వచ్చే దారులు మాత్రం నాలుగైదుకు మించి లేవు. ఆ దారులు మూస్తే చాలావరకు ఆగిపోతాయి.

ఆగస్టు 22తో మొదలుపెడదాం. 1639లో ఆ రోజున దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి ఈ ఇసక తీరాన్ని రాసిచ్చాడని ఏటా వేస్తున్నారు. వెంకటాద్రి వందవాసి నుంచి ఏలిన తెలుగు నాయకుడు, ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. 2004 నుంచి ఊరంతా మద్రాసు డే జరుపుకొంటున్నది ఈ తేదీకే. ఇంతవరకు పేచీ లేదు. కొన్ని పాత కాగితాల్లో జూలై 22 అని ఉన్నమాట నిజమే. కంపెనీ తరఫున బేరం కుదిర్చిన ఫ్రాన్సిస్ డే ఈ తీరానికి చేరుకున్నదే జూలై 27న. ఇంకా రాని మనిషికి పట్టా ఎలా ఇస్తారు? కాబట్టి ఆగస్టే సబబని తేల్చారు. మీ శీర్షికలో రెండేళ్ల కిందట జూలై 22న ఒకసారి, ఆగస్టు 22న మరోసారి ఇదే సంఘటన వచ్చింది. రెండు వేర్వేరు జాబితాల నుంచి ఎత్తి రాస్తే జరిగేది ఇదే.

దీని వెనక ఇంకో మెలిక ఉంది. అప్పటికి ఇంగ్లండు, ఇప్పుడు మనం వాడుతున్న గ్రెగోరియన్ క్యాలెండరుకు మారలేదు. పోపు చెప్పిన లెక్కను స్పెయిన్, ఇటలీ 1582 అక్టోబరులోనే అందుకుంటే ఇంగ్లండు 1752 దాకా పాత జూలియన్ లెక్కలోనే ఉండిపోయింది. ఆ ఏడు సెప్టెంబరు 2 తర్వాత ఏకంగా 14 వచ్చింది. కంపెనీ గుమాస్తాలు మద్రాసులో కూర్చుని రాసినా వాళ్ల దేశపు లెక్కలోనే రాశారు. 17వ శతాబ్దంలో రెండింటికీ తేడా 10 రోజులు. అంటే వాళ్ల ఆగస్టు 22 ఇప్పటి లెక్కకు సెప్టెంబరు 1. అది గురువారం. ఇంటర్నెట్‌లోని వారం చెప్పే పట్టికలో 22-8-1639 అని కొడితే సోమవారం అని వస్తుంది. ఎందుకంటే ఆ పట్టిక కొత్త లెక్కను వెనక్కి సాగదీస్తుంది. మీవాళ్లు అలా తీసిన ‘సోమవారం’ ఒకసారి అచ్చయింది కూడా. 1700 మార్చి నుంచి తేడా 11 రోజులు, 1800 మార్చి నుంచి 12, 1900 మార్చి నుంచి 13. ఈ నాలుగు అంకెలు డెస్కు మీద అంటించుకుంటే చాలు.

మద్రాసు డేని సెప్టెంబరుకు జరపమని నేననడం లేదు. పండగ ఏ రోజు స్థిరపడిందో ఆ రోజే ఉండాలి. పక్కన ‘పాత లెక్క’ అని రెండు మాటలు వేయమంటున్నాను, అంతే.

ఆ రెండు మాటలు లేకపోతే ఏమవుతుందో ఏప్రిల్ 23న బాగా తెలుస్తుంది. షేక్స్‌పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ 1616లో ఒకే రోజున కన్నుమూశారని ఏటా వేస్తారు. షేక్స్‌పియర్ పోయింది ఇంగ్లండు లెక్క ఏప్రిల్ 23న, కొత్త లెక్కకు మే 3న. సెర్వాంటెస్ పోయింది స్పెయిన్ లెక్కలో 22న, పూడ్చింది 23న. ఇద్దరి మధ్య 11 రోజులు. ఇక సెయింట్ జార్జి కోటకు 1640లో ఆ పేరు పెట్టింది ఏప్రిల్ 23నే, ఆ సాధువు పండగ రోజు కనుక. ఇది ఇంగ్లండు లెక్క కాబట్టి షేక్స్‌పియర్ తేదీతో పోల్చవచ్చు, సెర్వాంటెస్ తేదీతో పోల్చకూడదు. అదే రోజున 1938లో రేపల్లె ప్రాంతంలో గాయని ఎస్. జానకి పుట్టారు. ఇంతటి రోజున మీ శీర్షికలో ఆ ‘ఒకే రోజు’ కథే సగం జాగా తినేసింది.

పాత కంపెనీ కాగితాల్లో నెల కన్నా సంవత్సరం ఎక్కువ మోసం చేస్తుంది. ఇంగ్లండులో 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. కాబట్టి జనవరి 1 నుంచి మార్చి 24 దాకా వాళ్లు వేసిన సంవత్సరం మన లెక్కకు ఒకటి తక్కువ. ఫ్రాన్సిస్ డే, ఆండ్రూ కోగన్ తమ దుబాసి (రెండు భాషల మధ్యవర్తి) బేరి తిమ్మప్పతో, పాతిక మంది దాకా సిపాయిలతో కోట కట్టడానికి ఇక్కడ దిగింది 1640 ఫిబ్రవరి 20. వాళ్ల లెక్కలో ఇంకా 1639. ఆ ‘1639 ఫిబ్రవరి’ని ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తే, పట్టా పుచ్చుకోవడానికి ఆరు నెలల ముందే వచ్చి కోట మొదలెట్టినట్టు అవుతుంది. అందుకే జాగ్రత్త గల పుస్తకాల్లో 1639/40 అని గీత పెట్టి వేస్తారు. ఆ గీత కనబడితే తీసుకోవాల్సింది రెండో ఏడు.

విజయనగర కాలం నాటివి వేసేటప్పుడు శకం లెక్క అడ్డం వస్తుంది. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం అనేది బడిలో చెప్పిన సూత్రం. కానీ జనవరి 1 నుంచి ఉగాది దాకా కలపాల్సింది 79. తళ్లికోట యుద్ధం శక 1486, రక్తాక్షి సంవత్సరం. 78 కలిపితే 1564 వస్తుంది. యుద్ధం జరిగింది 1565 జనవరి 23న. వారం మంగళవారం అన్న సంగతితో సరిచూసుకోవచ్చు. అప్పటికి గ్రెగోరియన్ లెక్క పుట్టనే లేదు కాబట్టి ఆ జనవరి 23ను ఇప్పటి లెక్కకు మార్చే పని పెట్టుకోవద్దు. 1582కు ముందువన్నీ పాత తేదీలతోనే వేయడం చరిత్రకారుల వాడుక. సంవత్సరం పేరు ఒక్కటే చూసి ఏడు కట్టేవాళ్లున్నారు, అది ఇంకా ప్రమాదం. రక్తాక్షి 60 ఏళ్లకోసారి వస్తుంది.

కొత్త కాలానికి వస్తే గడియారం తేడా. చంద్రుడి మీద అపోలో-11 దిగింది 1969 జూలై 20 అని అమెరికావాళ్లు వేస్తారు. గ్రీనిచ్ లెక్కలో అది రాత్రి 8:17. మనకు 21 తెల్లవారుజామున 1:47. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది మనకు 21 ఉదయం 8:26, గ్రీనిచ్‌లో కూడా అప్పటికి 21 వచ్చేసింది. చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్‌తో బెంగళూరు కేంద్రానికి సంబంధం తెగింది 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున. విదేశీ పట్టికల్లో 6 ఉంటుంది. పెర్ల్ హార్బర్ హవాయిలో 1941 డిసెంబరు 7, జపాన్‌లో 8. సంఘటన జరిగిన చోటి తేదీ వేయడం మంచి పద్ధతి. భూమి మీద కానివాటికి మన టైము వేసి, ‘భారత కాలమానం’ అని చేర్చండి. 1906కు ముందు మద్రాసు టైము వేరుగా ఉండేది, ఇప్పటి టైముకు సుమారు తొమ్మిది నిమిషాలు వెనక. సరిగ్గా అర్ధరాత్రి దగ్గరి సంగతి అయితే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

మన చెన్నై తెలుగువాళ్లకు అన్నిటికన్నా దగ్గరి తేదీ డిసెంబరు 15. పొట్టి శ్రీరాములు మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట 1952 అక్టోబరు 19న నిరాహార దీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. దీక్ష ఎన్ని రోజులు? 57 అని ఒకరు, 58 అని ఒకరు వేస్తారు. కూర్చున్న రోజును కూడా లెక్కపెడితే అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15, మొత్తం 58. ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేస్తే 57. దీక్షకు మొదటి రోజు కూడా రోజే కాబట్టి 58 వేయాలి. మరణం తేదీ 16 అని వేసేవాళ్లూ ఉన్నారు. రాత్రి జరిగినదాని వార్త మర్నాటి పత్రికలో వస్తుంది, పత్రిక మీది తేదీనే సంఘటన తేదీగా ఎక్కించేస్తారు. పాత పత్రికల ఫైళ్లు తిరగేసి శీర్షిక తయారు చేసేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే గొయ్యి: వార్తలో ‘నిన్న’ అని ఉందా, ‘సోమవారం’ అని ఉందా చూసి ఒకటో రెండో రోజులు వెనక్కి వెళ్లాలి. ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ లోక్‌సభలో చెప్పింది డిసెంబరు 19న. అది ప్రకటన. రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న, కర్నూలు రాజధానిగా, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా. ఇక ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1. నీలం సంజీవరెడ్డిని కర్నూలు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రిని చేసిన వాక్యం మీ పేజీలోనే ఉంది.

నవంబరు 1 గురించి చెప్పుకుంటూ పోతే ఈ ఉత్తరం చాలదు. 1956లో మైసూరు, కేరళ కొత్త రూపంలో వచ్చింది ఆ రోజే. మైసూరు పేరు కర్ణాటకగా మారింది 1973 నవంబరు 1న, బెంగళూరు పేరు ఇంగ్లిషులో మారింది 2014 నవంబరు 1న. పంజాబ్ విడిపోయి హరియాణా 1966లో, ఛత్తీస్‌గఢ్ 2000లో అదే తేదీన ఏర్పడ్డాయి. ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరిని అప్పగించింది 1954 నవంబరు 1న. దాన్ని చట్టప్రకారం భారత్‌లో కలిపిన తేదీ వేరు, 1962 ఆగస్టు 16. యానాం అయితే 1954 జూన్ 13నే చేయి మారింది. ఇన్ని ఒకే రోజున ఉన్నప్పుడు ‘రాష్ట్రం ఏర్పడింది’, ‘పేరు మారింది’, ‘అప్పగించారు’ అన్న క్రియలే ముఖ్యం. వాటిని కుదించి ‘అవతరణ’ అని అన్నిటికీ తగిలిస్తే పాఠకుడికి ఏమీ మిగలదు. తమిళనాడుకైతే మూడు తేదీలున్నాయి. హద్దులు 1956 నవంబరు 1, పేరు మార్చాలని అన్నాదురై సభలో తీర్మానం పెట్టింది 1967 జూలై 18, పేరు అమల్లోకి వచ్చింది 1969 జనవరి 14. ప్రభుత్వం ఇప్పుడు జరుపుతున్నది రెండోది.

తిథుల మీద జరిగే వర్ధంతులను తేదీకి కట్టేయడం ఇంకో అలవాటు. త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847 జనవరి 6, పుష్య బహుళ పంచమి. ఆరాధన తిథికే జరుగుతుంది. 2023లో అది జనవరి 11, 2024లో జనవరి 30, 2025లో జనవరి 18. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి ఏటా సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతుంది, మధ్యలో అధిక మాసం పడితే 19 రోజులు ముందుకు దూకుతుంది. 2023లో అధిక శ్రావణం పడింది కనుకే 2024లో అంత దూకుడు. జనవరి 6న ‘నేడు తిరువయ్యారులో ఆరాధన’ అని వేస్తే బస్సెక్కి వెళ్లినవాళ్లు మిమ్మల్ని తలుచుకుంటారు. పంచాంగం చూసేటప్పుడు ఇంకొకటి: మన పక్కింటివాళ్ల తమిళ పంచాంగంలో నెలలు సూర్యుణ్ని బట్టి. వాళ్ల ‘చిత్తిరై’ మన చైత్రం కాదు.

పుట్టినరోజులకు బడి రిజిస్టరు ఒక్కటే ఆధారం అయితే అనుమానించాలి. సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు అందరూ జరిపేది 1888 సెప్టెంబరు 5. ఆయన మాత్రం 1887 సెప్టెంబరు 20 అని నమ్మేవారని కొడుకు గోపాల్ రాశారు. ఉపాధ్యాయ దినం మారదు కానీ ఒక వాక్యం చేర్చవచ్చు. విశ్వేశ్వరయ్యకు 1860, 1861 రెండూ కనిపిస్తాయి. ఆయన బతికుండగానే శతజయంతి తపాలా బిళ్ల 1960 సెప్టెంబరు 15న వచ్చింది. 1861 అయితే అప్పటికి నిండినవి 99 ఏళ్లే. నూరు నిండటమా, నూరో ఏడు రావడమా అన్న తికమక మనకు కొత్తేం కాదు. 2021 ఆగస్టు 15న 75వ స్వాతంత్ర్య దినం, 2022లో 75 ఏళ్లు నిండాయి. మద్రాసుకు 400 నిండేది 2039లో. 2038లోనే ‘400వ ఏడు’ అని ఎవరో ఒకరు మొదలుపెడతారు, చూడండి.

మీ శీర్షిక పెట్టే వాళ్లకు పని పెరగకుండా ఇలా చేయవచ్చు. రోజుకు పన్నెండు అంశాలు వద్దు, నాలుగు చాలు. ఒక్కో అంశానికి ఒక చీటీ. దానిలో తేదీ, ఏ లెక్కలోది, ఏ ఊళ్లో జరిగింది, సరిగ్గా ఏం జరిగింది, మొదట ఎక్కడ చూశారు అన్నవి రాసుకోవాలి. ఒకదాని నుంచి ఒకటి కాపీ కొట్టిన రెండు వెబ్‌సైట్లు రెండు ఆధారాలు కావు. 1752కు ముందుదైతే వారం కలిపి చూడాలి. ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం, తమిళనాడు ప్రభుత్వ పాత పత్రాల భవనం (ఆర్కైవ్స్) రెండూ ఉన్నాయి. నెలకు ఒకరోజు ఒక మనిషిని పంపితే వచ్చే నెల చీటీలన్నీ సరిచూసుకోవచ్చు.

నాలుగు ఎంచేటప్పుడు ఇక్కడి తెలుగువాళ్లు రెండు భాషల మధ్య బతుకుతారని గుర్తుంచుకోండి. జూలై 15 కామరాజర్ పుట్టినరోజు (1903), దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ పుట్టినరోజు (1909) కూడా. సెప్టెంబరు 5న రాధాకృష్ణన్‌తోపాటు వ.ఉ. చిదంబరం పిళ్లై (1872), సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్యతోపాటు అన్నాదురై (1909). డిసెంబరు 15న శ్రీరాములు ఒక్కరే కాదు, బొంబాయిలో పటేల్ మరణం (1950), నర్సాపురంలో బాపు జననం (1933) కూడా. ఇలాంటి జంటలు వేస్తే బడి పిల్లలకు రెండు వైపుల చరిత్రా ఒక్క రోజులో దొరుకుతుంది. హాలీవుడ్ నటుల పుట్టినరోజులు వదిలేయండి.

ఇక ఫిబ్రవరి 29 ఉంది. మొరార్జీ దేశాయ్ (1896), కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరుండేల్ (1904) ఆ రోజున పుట్టారు. 1900 లీపు సంవత్సరం కాదు కాబట్టి మొరార్జీ తర్వాత ఎనిమిదేళ్లకు గాని ఆ తేదీ మళ్లీ రాలేదు. మామూలు ఏడుల్లో మీ శీర్షిక వీళ్లిద్దరినీ మూడేళ్లు మింగేస్తోంది. ఫిబ్రవరి 28న చివర గీత గీసి, ‘ఫిబ్రవరి 29’ అని ఉపశీర్షిక పెట్టి వేయండి. సవరణలు కూడా ఎడిటోరియల్ పేజీ అడుగున కాకుండా, తప్పు వచ్చిన శీర్షిక కిందే, మర్నాడే రావాలి. కత్తిరించి దాచుకున్నవాళ్లు చూసేది అక్కడే.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
ట్రిప్లికేన్, చెన్నై