నలభై సెకన్ల తేడా

హనుమకొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మ మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గింది. రెండు రోజులుగా సకినాలు చుడుతోంది. ఈ ఉత్తరం ఆ పార్సిల్లోనే పెడుతున్నాను.

మొన్న ఫోనులో నువ్వు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, "సరే నాన్నా, తర్వాత చేస్తాను" అని పెట్టేశావు. నేను చెప్పాలనుకున్నది నోట్లోనే ఉండిపోయింది. ఫోనులో నాకు మాటలు కూడిరావని నీకు తెలుసు. అందుకే కాగితం తీసుకున్నాను.

నెల ముందే టికెట్టు కొనుక్కుని, ఆ చలిలో రైలెక్కి డీప్ పర్పుల్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండు కచేరీకి వెళ్లావు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో మీరు నలుగురూ రెండు జట్లయ్యారు. "గొంతు ఎప్పుడో పోయింది, డబ్బు కోసం తిరుగుతున్నారు, ఇక ఆపేయాలి" అని ఒకరు. "ఆ వయసులో నిలబడి పాడటమే గొప్ప, తప్పులు వెతకకూడదు" అని ఇంకొకరు. నువ్వు ఎవరి పక్కా మాట్లాడలేకపోయావు. నాతో మాత్రం అన్నావు: "నాన్నా, అది మన టేపులో గొంతు కాదు. వెళ్లకుండా ఉండాల్సింది."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

ముందు నీ స్నేహితుల సంగతి. ఇద్దరి మాటా నాకు నచ్చలేదు. టికెట్టు కొన్న మనిషికి బాగుందనో బాగాలేదనో చెప్పే హక్కు పూర్తిగా ఉంది. ముసలివాళ్లు కదా అని చప్పట్లు కొట్టడం జాలి, పాడేవాడికి జాలిని మించిన అవమానం లేదు. అలాగని గొంతు తగ్గింది కాబట్టి ఇంటికి వెళ్లిపొమ్మనడం కూడా సరిగా విని అన్న మాట కాదు. ఎంత తగ్గింది, దేనితో పోలిస్తే తగ్గింది, తగ్గినదాంతో ఆ మనిషి ఏం చేస్తున్నాడు అని చూడాలి.

చౌరస్తా దగ్గర మన షాపులో ముప్పై ఏళ్లు నేను చేసిన పని అదే కదా. కాజీపేట రోడ్డు నుంచి ఆర్ఈసీ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ పిల్లలు టూ ఇన్ వన్‌లు, వాక్‌మన్‌లు పట్టుకొచ్చేవాళ్లు. "అంకుల్, పాట నీరసంగా వస్తోంది" అనేవాళ్లు. మూత తీస్తే బెల్టు సాగి ఉండేది. బెల్టు సాగితే టేపు నెమ్మదిస్తుంది, గొంతు కిందికి జారుతుంది. ఇంకొకరు "గొంతు మూసుకుపోయింది" అనేవాళ్లు. హెడ్డు మీద గోధుమ రంగు పొడి పేరుకుని ఉండేది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే అదే క్యాసెట్‌లో అదే గొంతు మళ్లీ విచ్చుకునేది. నువ్వు స్టూలు మీద నిలబడి ఆ దూది నాకు అందించేదానివి, గుర్తుందా?

ఆ పిల్లల్లో ఒకడు 1988లో ఒక క్యాసెట్ ఇచ్చి, బాగుచేశాక దీంతో పరీక్షించు అంకుల్ అన్నాడు. అది 'మేడ్ ఇన్ జపాన్', డీప్ పర్పుల్ వాళ్లు జపాన్‌లో చేసిన కచేరీల రికార్డు. నాకు మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. ఒక పాటలో గొంతు ఏదో ఒక ముక్క అంటుంది, గిటారు అదే ముక్కను తిరిగి అంటుంది. గొంతు ఇంకా పైకి వెళ్తుంది, గిటారు వెంటపడుతుంది. ఒగ్గు కథలో కథకుడికీ డోలుకూ మధ్య జరిగేదే ఇది అనుకున్నాను. అతను తీసుకెళ్లేలోపు ఒక సి-90 ఖాళీ క్యాసెట్ కొని కాపీ చేసుకున్నాను. నువ్వు పుట్టినప్పటి నుంచి విన్నది ఆ కాపీనే.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఫోను పెట్టేశాక రాత్రి ఆ క్యాసెట్ తీశాను. అట్ట మీద నీ చిన్నప్పటి గీతలు ఇంకా ఉన్నాయి. 'చైల్డ్ ఇన్ టైమ్' అనే పాట దగ్గరికి తెచ్చి పెట్టాను. పక్కన ఫోనులో అదే రికార్డు, అదే పాట ఒకేసారి మొదలుపెట్టాను. పది సెకన్లలోపే రెండూ విడిపోయాయి. పన్నెండు నిమిషాల పైచిలుకు పాట అది. మన టేపులో దాదాపు నలభై సెకన్ల ముందే అయిపోయింది.

ప్లేయరు వేగం తప్పేమోనని 3000 హెర్ట్జ్ పరీక్ష టేపు పెట్టి చూశాను. సరిగ్గానే ఉంది. తప్పు కాపీలోనే ఉంది బిడ్డా. ఆ రోజు మూల క్యాసెట్‌ను నడిపిన డెక్కు మోటారు కొంచెం వేగంగా తిరిగింది. వేగం వందకు ఆరు పాళ్లు పెరిగితే శ్రుతి అర స్వరం పైకి పోతుంది. అంటే ఇన్నేళ్లూ మనిద్దరం విన్న గొంతు ఆ బ్యాండు గాయకుడు ఇయాన్ గిల్లన్ అసలు గొంతు కంటే అర స్వరం ఎక్కువ. ఆ కేకలు ఆయన ఆ రికార్డులో పాడినదానికంటే ఎక్కువ ఎత్తులో నీ చెవుల్లో నిలిచిపోయాయి. నువ్వు ఆ చెవులతోనే కచేరీకి వెళ్లావు. ఇందులో నా చేతి తప్పు ఉంది కాబట్టి నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

సరిగ్గా నడిచే టేపు ఉన్నా కూడా ఆ రికార్డుతో పోల్చడం న్యాయం కాదు. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యోలో పాడినవాటిలో నుంచి బాగా వచ్చినవి ఏరి కూర్చిన ఏడు పాటలు అవి. మూడు రాత్రుల పంట. గిల్లన్‌కు అప్పుడు ఇరవై ఏడో ఏడు నిండబోతోంది. నువ్వు చూసింది ఒక్క సాయంత్రం, ఏరడానికి వీల్లేని సాయంత్రం. పాడింది 1945లో పుట్టిన మనిషి.

ఆయన పాటల మధ్య తెర వెనక్కి వెళ్లిపోతుంటే గిటారు, కీబోర్డు వాయించేవాళ్లు కాలం గడుపుతున్నారని ఒకరు అన్నారట కదా. ఆ బ్యాండు మొదటి నుంచీ అంతే. ఆ జపాన్ రికార్డులోనే చివరి పాట ఇరవై నిమిషాలకు దగ్గరగా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం వాయిద్యాలదే. అప్పుడు దాన్ని విద్వత్తు అన్నవాళ్లు ఇప్పుడు విశ్రాంతి అంటున్నారు. వాయిద్యం వినే ఓపిక లేనివాళ్లు పాడేవాడి వయసును అడ్డం పెట్టుకోకూడదు.

నాకు ఆ క్యాసెట్ ఇచ్చిన విద్యార్థికి ఇప్పుడు అరవై దగ్గరపడుతోంది. ఇప్పటికీ సంక్రాంతికి ఫోను చేస్తాడు. ఈ తేదీలన్నీ అతను చెప్పినవే. ఇంకో మాట కూడా చెప్పాడు. 'చైల్డ్ ఇన్ టైమ్' 1970లో వచ్చింది. గొంతును చివరి అంచు దాకా లాగే పాట. 2002 తర్వాత బ్యాండు ఆ పాటను కచేరీల్లో పెట్టలేదు. అభిమానులు అడుగుతూనే ఉన్నారు, గిల్లన్ పాడలేదు. మన ఆర్ఈసీ ఎన్ఐటీగా మారింది ఆ ఏడే. కీబోర్డు వాయించే జాన్ లార్డ్ బ్యాండు నుంచి తప్పుకున్నదీ ఆ ఏడే. మన షాపుకు క్యాసెట్లు రావడం తగ్గిన రోజులు కూడా అవే. ఆ పాట లేదని నువ్వు బాధపడ్డావు. నాకు మాత్రం అక్కడే ఆయన మీద గౌరవం పెరిగింది. జనానికి అన్నిటికంటే ఇష్టమైన పాటను, తనకు పేరు తెచ్చిన పాటను, ఇక దానికి న్యాయం చేయలేనని తెలిసి పక్కన పెట్టడానికి ఎంత గట్టి మనసు కావాలి! వయసు మీద పడితే స్వరపేటికలో కండ సన్నబడుతుంది, ఊపిరి నిలవదు. నా దగ్గర బెల్టుకు కొత్త బెల్టు ఉండేది. గొంతుకు అలాంటిది లేదు.

ఇది రాస్తుంటే ఐనవోలు జాతర గుర్తొస్తోంది. నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాకు పదేళ్లు ఉంటాయి. మీ తాత అక్కడి ఒగ్గు కథ బృందంలో డోలు వాయించేవారు. ప్రధాన కథకుడు పెద్దాయన, చుట్టుపక్కల పది ఊళ్లలో పేరున్నవారు. నుదుట బండారి, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు. మల్లన్న కథ ఎత్తుకున్నారు. గోపురం దాకా వినిపించే గొంతు ఆ రాత్రి మొదటి రాగంలోనే చీలింది. మళ్లీ ఎత్తారు, మళ్లీ చీలింది. వెనక నుంచి ఎవరో అరిచారు, "ముసలాయన పని అయిపోయింది, చిన్నవాళ్లను పాడమనండి!" అని.

మీ తాత డోలు ఆపలేదు, మెల్లగా కొట్టారు. పెద్దాయన ఒక్క క్షణం నిలబడి, పక్కనున్న శిష్యుడి భుజం మీద చెయ్యి వేసి ముందుకు నెట్టారు. పైరాగాలన్నీ ఆ రాత్రి శిష్యుడే పాడాడు. వచనం మాత్రం పెద్దాయన తన దగ్గరే ఉంచుకున్నారు. మల్లన్న భార్య మేడలమ్మ మాట్లాడే చోటు వచ్చింది. గొంతు ఇంకా తగ్గించారు. ఎంత తగ్గించారంటే, జనం కూర్చున్న చోటి నుంచి ముందుకు జరిగారు. పిల్లలను ఊరుకోబెట్టారు. డోలు మీద మీ తాత వేళ్ల చివర్లు మాత్రమే ఆడుతున్నాయి. నా పక్కన కూర్చున్న ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తెల్లవారి బండిలో తిరిగి వస్తుంటే మనవాళ్లు కూడా మీ రైల్లో లాగే రెండు జట్లయ్యారు. పాట పోయిందని కొందరు, పెద్దమనిషిని అలా అనకూడదని కొందరు. మీ తాత చాలాసేపు విని ఒకటే అడిగారు: "కథ ఎక్కడైనా తెగిందా? చెప్పండి." ఎవరూ చెప్పలేకపోయారు.

నేను కూడా నిన్ను అదే అడుగుతున్నాను. ఆ సాయంత్రం కథ ఎక్కడైనా తెగిందా? బాగా గుర్తు చేసుకుని చెప్పు. తెగితే తెగిందనే చెప్పు, నేను ఏమీ అనుకోను. నువ్వు ఫోనులో ఒక మాట అని తేలిగ్గా దాటేశావు: "మధ్యలో ఒక నెమ్మది పాట మాత్రం బాగుంది, అందరూ ఫోన్లు దించేశారు" అని. నేను అక్కడే ఆగిపోయాను. వేలమంది ఫోన్లు దించేలా చేసిన గొంతు పోయిన గొంతు ఎలా అవుతుంది?

అందరినీ వెనకేసుకొస్తున్నానని అనుకోకు. ముందే రికార్డు చేసిన గొంతును వెనక నుంచి వినిపిస్తూ పెదవులు కదిపితే అది మోసమే. ఎంత పేరున్నవాళ్లు చేసినా మోసమే, టికెట్టు డబ్బులు తిరిగి అడగాల్సిందే. శ్రుతి దించుకుని పాడటం మోసం కాదు. జనం చేత వంత పాడించడమూ కాదు. జెనిసిస్ అనే బ్యాండు 2022 మార్చిలో లండన్‌లో చివరి కచేరీ చేసినప్పుడు, ఒకప్పుడు డ్రమ్స్ వాయించిన ఫిల్ కాలిన్స్ కుర్చీలో కూర్చుని పాడారట, డ్రమ్స్ దగ్గర ఆయన కొడుకు కూర్చున్నాడట. ఆ మాట విన్నప్పుడు నాకు ఐనవోలే కళ్ల ముందు కనిపించింది. ఏరోస్మిత్ అనే ఇంకో బ్యాండు వాళ్లు 2024లో గాయకుడి గొంతుకు తగిలిన దెబ్బ పూర్తిగా మానకపోవడంతో కచేరీ యాత్రలు మానేశారు. ఆపాల్సిన రోజు పాడేవాళ్లకే తెలుస్తుంది, ఆ నిర్ణయం రైల్లో కూర్చున్నవాళ్లది కాదు.

నీ బాధ నాకు అర్థం కాక కాదు. నువ్వు ఆ గొంతు కోసం ఒక్కదాని కోసమే వెళ్లలేదు. షాపు, స్పిరిట్ వాసన, స్టూలు, స్కూలు వదిలాక నువ్వు అక్కడ హోంవర్క్ చేసుకుంటుంటే మోగే ఆ క్యాసెట్, అవన్నీ ఆ స్టేజీ మీద కనిపిస్తాయని వెళ్లావు. షాపు మూసిన రోజు నేను కూడా చాలాసేపు షట్టరు దగ్గరే నిలబడిపోయాను. నువ్వు అంత దూరాన ఉన్నావు కాబట్టి నీకు చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నం డెక్కు విప్పి, మోటారు వెనక ఉండే చిన్న స్క్రూను సన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా వెనక్కి తిప్పాను. ఫోనులోని పాట, మన టేపులోని పాట ఒకేసారి ముగిసేదాకా తిప్పాను. నాలుగుసార్లు మొదటి నుంచి వినాల్సి వచ్చింది. మీ అమ్మ సకినాలు చుడుతూ, "ఇవాళ ఈయన పాట కొంచెం బరువుగా ఉందేమిటి?" అంది. ఆమెకూ తెలిసిపోయింది. అలా సరిచేసిన దాన్ని ఫోనులోకి ఎక్కించాను, రేపు పంపిస్తాను. మన టేపు గరగర, మధ్యలో నువ్వు రికార్డు బటన్ నొక్కి "నాన్నా" అన్న ముక్క కూడా అందులో ఉన్నాయి. ఒంటరిగా ఉన్నప్పుడు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విను.

విన్నాక ఆ నెమ్మది పాట పేరేమిటో కనుక్కుని నాకు రాయి. మీ అమ్మ మామిడికాయ తొక్కు డబ్బాకు మూత చుట్టూ రెండు వరుసల టేపు వేసింది, అయినా పార్సిల్ నిలువుగానే పట్టుకుని విప్పు.

నీ
నాన్న